పేపరు గ్లాసా, స్టీలు గ్లాసా: ఒక వస్తువు చేసే చేటును పుట్టుక నుంచి చెత్తకుప్ప దాకా లెక్కపెట్టడం ఎలా

మొన్న అంబాజీపేట దగ్గర మా చుట్టాలింట్లో గృహప్రవేశం. భోజనాల దగ్గర మంచినీళ్ల గ్లాసుల మీద చిన్న తగువు లేచింది. "ఈ కాగితం గ్లాసులు ఎవడు తెమ్మన్నాడ్రా? సప్లై వాళ్లకి చెప్తే స్టీలు గ్లాసులు పంపేవారు కదా" అని పెదనాన్న. "పేపరే కదా పెదనాన్నా, మట్టిలో కలిసిపోద్ది. స్టీలువైతే కడగడానికి ఎన్ని నీళ్లు కావాలి, ఎంత సబ్బు కావాలి, మనుషులెక్కడ దొరుకుతున్నారు?" అని మా తమ్ముడు. ఇద్దరూ మంచి కోరే మాట్లాడారు, ఇద్దరి మాటలోనూ నిజముంది. కాకపోతే పెదనాన్న చూస్తున్నది పందిరి వెనక పోగవుతున్న చెత్తని, తమ్ముడు చూస్తున్నది కుళాయి కింద పారిపోయే నీళ్లని. అందుకే ఆ తగువు ఎంతసేపు సాగినా తెగలేదు.

ఆ రాత్రి నేను వాడేసిన గ్లాసు ఒకటి తెచ్చి బకెట్ నీళ్లలో వేసి ఉంచాను. తెల్లారేసరికి కాగితం నాని ముద్దయిపోయింది, వేళ్లతో తీస్తే ఊడి వచ్చేసింది. లోపల మాత్రం ఉల్లిపొర లాంటి పలచటి ప్లాస్టిక్ పొర, గ్లాసు ఆకారంలోనే మిగిలింది. లాగితే సాగింది గానీ తెగలేదు. వేడి టీ పోసినా గ్లాసు మెత్తబడకుండా కాపాడేది ఆ పూతే. 2022 జులై 1 నుంచి దేశమంతా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు నిషేధించాక మన ఫంక్షన్లలో ఆ చోటు పేపరు గ్లాసులు తీసుకున్నాయి. "ఎకో ఫ్రెండ్లీ" అన్న మాట డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉంటోంది. ఆ మాట నిజమా కాదా అని తేల్చడానికి ఒక పద్ధతి ఉంది, దాని గురించే ఈ వ్యాసం.

పుట్టుక నుంచి పారేసేదాకా

ఆ పద్ధతిని లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ అంటారు, పొట్టిగా ఎల్‌సీఏ. తెలుగులో జీవిత చక్ర మదింపు అనుకోవచ్చు. ఒక వస్తువుకి ముడిసరుకు ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని తయారుచెయ్యడానికి ఎంత కరెంటు, ఎంత బొగ్గు, ఎన్ని నీళ్లు పట్టాయి, లారీలో ఎంత దూరం వచ్చింది, వాడేటప్పుడు ఏం ఖర్చవుతుంది, చివరికి పారేస్తే ఏమవుతుంది అని అన్ని దశలూ కలిపి లెక్కకట్టడం. పేపరు గ్లాసైతే సరుగుడు తోట దగ్గర మొదలై పంట బోదె గట్టు మీద ముగుస్తుంది. స్టీలు గ్లాసైతే ఇనుప ఖనిజం గని దగ్గర మొదలై పాత సామాన్ల కొట్టుకి, అక్కణ్నుంచి మళ్లీ కొలిమికి పోతుంది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1969లో కోకాకోలా కంపెనీ తన పానీయానికి ఏ రకం సీసా లేదా డబ్బా వాడితే ముడిసరుకు, ఇంధనం తక్కువ పడతాయో తేల్చమని అమెరికాలో ఒక పరిశోధన సంస్థ చేత అధ్యయనం చేయించింది. ఇలాంటి లెక్కలకి మొదటి ఉదాహరణగా దాన్నే చెప్తారు, అయితే ఆ నివేదిక పూర్తిగా బయటికి రాలేదు. తర్వాత ఎవరికి తోచినట్టు వాళ్లు లెక్కలేసి ఎవరి సరుకు వాళ్లు మంచిదని చెప్పుకోవడం మొదలుపెట్టాక, 1997లో ఐఎస్ఓ 14040 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నవి 2006లో సవరించిన 14040, దానికి తోడుగా వచ్చిన 14044.

వాటి ప్రకారం పని నాలుగు మెట్లుగా సాగుతుంది. ముందు దేనికోసం లెక్క, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని గిరి గీసుకోవాలి. రెండోది, ఆ గిరిలోకి ఏమేం వస్తున్నాయి, ఏమేం బయటికి పోతున్నాయి అని చిట్టా రాయడం. మూడోది, ఆ చిట్టాలోని పొగని, మురుగుని, బూడిదని "వాతావరణం వేడెక్కడం", "నీటి వాడకం", "గాలి పాడవడం" లాంటి పద్దుల్లోకి మార్చడం. ఆఖరుది, వచ్చిన అంకెల్ని ఎంతవరకు నమ్మొచ్చో చూసి అర్థం చెప్పుకోవడం. వినడానికి సింపుల్‌గా ఉంటుంది గానీ గొడవలన్నీ మొదటి మెట్టు దగ్గరే మొదలవుతాయి.

ఏ పనికి లెక్క అన్నదే మొదటి ప్రశ్న

ఒక పేపరు గ్లాసునీ ఒక స్టీలు గ్లాసునీ పక్కపక్కన పెట్టి ఏది మంచిదంటే ఆ ప్రశ్నకి అర్థం లేదు. ఒకటి ఒక్కసారి పనికొస్తుంది, రెండోది వెయ్యిసార్లు. కాబట్టి ముందు పనిని కొలతగా తీసుకోవాలి. ఎల్‌సీఏ వాళ్లు దీన్ని ఫంక్షనల్ యూనిట్ అంటారు. మా గృహప్రవేశానికైతే "500 మందికి ఒక పూట మంచినీళ్లు" అన్నది కొలత. మనిషికి సగటున మూడు గ్లాసులనుకుంటే 1,500 సార్లు నీళ్లు అందించాలి.

ఇప్పుడు లెక్క వేద్దాం. గ్లాసుల అంకెలు విషయం అర్థమవడానికి నేను పెట్టుకున్నవి, వాటిని ఏ అధ్యయనం నుంచీ తియ్యలేదు. ఒక పేపరు గ్లాసు తయారై, మన దాకా వచ్చి, చెత్తలో పడేసరికి 10 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అనుకుందాం. 60 గ్రాముల స్టీలు గ్లాసు తయారీకి 300 గ్రాములు అనుకుందాం. పేపరైతే ఒక ఫంక్షనుకి 1,500 గ్లాసులు, అంటే 15 కిలోలు. స్టీలైతే 300 గ్లాసులు తెచ్చి కడుక్కుంటూ తిప్పితే సరిపోతుంది, వాటి తయారీకి ఒకేసారి 90 కిలోలు. చల్లటి నీళ్లతో కడిగితే మోటారు కరెంటు లెక్కలోకి కూడా రాదు, కడిగిన ప్రతిసారీ అర లీటరు చొప్పున 750 లీటర్ల నీళ్లు 20 మీటర్లు పైకి తోడినా 100 గ్రాములు దాటదు. 90ని 15తో భాగిస్తే ఆరు. అంటే ఆరు ఫంక్షన్లు తిరిగేసరికి స్టీలు గ్లాసులు తమ బాకీ తీర్చేసుకుంటాయి, ఆ తర్వాత ప్రతి ఫంక్షనుకీ పేపరు గ్లాసుల 15 కిలోలూ మిగిలినట్టే.

అదే ఫంక్షన్ హాల్లో గీజరు నీళ్లతో కడిగితే? ఇది భౌతికశాస్త్రం, ఊహ అక్కర్లేదు. ఒక్కో కడుగుడుకి పట్టే అర లీటరులో సగమే వేడినీళ్లనుకుంటే, ఆ పావు లీటరు నీటిని 35 డిగ్రీలు వేడెక్కించడానికి 0.01 యూనిట్ కరెంటు కావాలి. మన దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గు నుంచే వస్తుంది కాబట్టి యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఒక్కో కడుగుడుకి 7 గ్రాములు పడింది. 1,500 సార్లకి 10.5 కిలోలు. పేపరు మీద మిగులు ఇప్పుడు ఫంక్షనుకి 4.5 కిలోలే, బాకీ తీరడానికి 20 ఫంక్షన్లు కావాలి. వస్తువు అదే, ఊరు అదే, కడిగే నీళ్లు మారాయంతే. పెళ్లికని 300 స్టీలు గ్లాసులు కొని, ఒక్కసారి వాడి అటక మీద పడేసిన ఇంటికైతే పేపరు గ్లాసులే నయం. ఈ మాట రాయడానికి నాకు కష్టంగానే ఉంది, కానీ కార్బన్ లెక్క అలాగే వస్తోంది.

డొక్కల పొయ్యి దగ్గర వచ్చే చిక్కు

మన కోనసీమలో గీజరు దాకా ఎందుకు, పెరట్లో కొబ్బరి డొక్కలు రాజేసి నీళ్లు కాచుకోవచ్చు కదా అనిపిస్తుంది. కొబ్బరిచెట్టు గాల్లోంచి తీసుకున్న కార్బనే డొక్క కాలినప్పుడు తిరిగి గాల్లోకి పోతుంది కాబట్టి చాలా పద్ధతుల్లో దాన్ని వాతావరణం పద్దులో సున్నాగా రాస్తారు. గీజరుకి 10.5 కిలోలు పడితే డొక్కల పొయ్యికి దాదాపు ఏమీ పడదు. కానీ ఆ పొయ్యి ముందు రెండు గంటలు కూర్చుని కళ్లు తుడుచుకుంటూ ఊదే మనిషి ఊపిరితిత్తుల్లోకి పోయే పొగ సంగతేంటి? అది వేరే పద్దు, సన్నటి ధూళి కణాల పద్దు. అక్కడ డొక్కల పొయ్యి గీజరు కంటే వెనకబడొచ్చు. అదే డొక్కల్ని పీచు మిల్లుకి ఇస్తే తాళ్లు, పరుపులు అయ్యేవి కదా, వాటిని కాల్చడం వల్ల ఇంకోచోట ఇంకో ముడిసరుకు వాడాల్సి వచ్చింది కదా అని అడిగేవాళ్లూ ఉన్నారు.

నీళ్ల పద్దూ అంతే. 750 లీటర్ల నీళ్లు ఆగస్టులో కాలువ నిండుగా పారేటప్పుడు కొత్తపేటలో ఒక లెక్క. మేలో కాలువలు కట్టేశాక, బోరు వేస్తే ఉప్పునీళ్లు పడే తీర గ్రామంలో ఇంకో లెక్క. అందుకే మంచి ఎల్‌సీఏలో లీటర్లు మాత్రమే రాయరు, అక్కడ నీటి ఎద్దడి ఎంత అన్న గుణకం కూడా వేస్తారు.

గుడ్డసంచి మీద పడ్డ నింద

ఎల్‌సీఏ పేరు మామూలు జనం నోట్లో బాగా నానింది సంచుల గొడవతోనే. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, ఒకసారి వాడి పారేసే పలచటి ప్లాస్టిక్ కవరు కంటే నూలుసంచి వాతావరణానికి మేలు అనిపించుకోవాలంటే దాన్ని కనీసం 131 సార్లు వాడాలి. 2018లో డెన్మార్క్ పర్యావరణ శాఖ ఇంకో అధ్యయనం బయటపెట్టింది. వాతావరణం ఒక్కటే చూస్తే మామూలు నూలుసంచిని 52 సార్లు వాడితే చాలు. అన్ని పద్దులూ చూస్తే 7,100 సార్లు. అంటే రోజూ వాడినా 19 ఏళ్లు పైనే. సేంద్రియ పత్తి సంచికైతే ఆ అంకె 20,000.

"చూశారా, గుడ్డసంచి కంటే ప్లాస్టికే మేలు" అని దీన్ని చాలామంది వాడుకున్నారు. అంకెలు తప్పుగా లెక్కేసినవి కావు. కానీ 7,100 ఎలా వచ్చిందో చూడండి. చూసిన పద్దుల్లో దేంట్లో నూలుసంచి అన్నిటికంటే అధ్వాన్నంగా ఉందో, ఆ పద్దులో కూడా గట్టెక్కాలంటే ఎన్నిసార్లు వాడాలి అన్నది ఆ ప్రశ్న. ఓజోన్ పొర పద్దు ఒక్కటే దాన్ని అంత పైకి లాగింది. సేంద్రియ పత్తికి ఎక్కువ పడటానికి కారణం ఎకరాకి దిగుబడి తక్కువ అనుకోవడం. పైగా ఆ అధ్యయనం చెత్తని ఒక పద్ధతిలో సేకరించి, కాల్చి కరెంటు తీసే దేశానికి చేసింది. రోడ్డు మీద, కాలువలో పారేసిన కవర్ల వల్ల జరిగే చేటు అందులో లెక్కలోనే లేదు. మన ఊళ్లో కవరు ప్రయాణం ముగిసేది పంట బోదెలో, తూములకి అడ్డం పడి, ఆవు కడుపులో. ఆ లెక్కని ఇక్కడికి యథాతథంగా మోసుకొస్తే నూలుసంచికి అన్యాయం చేసినట్టే. అలాగని నూలుసంచిది తేలిక బరువని కూడా అనలేం. పత్తికి నీళ్లు, ఎరువు, పురుగుమందు బాగా పడతాయి. ఇంట్లో ఇప్పటికే ఉన్న పాత చీర ముక్కతో కుట్టిన సంచీ, ప్రతి మీటింగులో ఉచితంగా పంచే కొత్త సంచీ ఈ లెక్కలో ఒకటి కావు.

ఊక ఎవరి ఖాతాలో పడాలి

వరి దగ్గరికి వద్దాం, డెల్టాలో ఉంటూ వరిని వదిలేసి ఏం మాట్లాడతాం. 100 కిలోల ధాన్యం మిల్లుకి తోలితే సుమారు 67 కిలోల బియ్యం, 20 కిలోల ఊక, 8 కిలోల తవుడు, మిగిలింది దుమ్మూ తాలూ అనుకోండి. ఈ ధాన్యం పండించడానికి అయిన కాలుష్యం 100 పాళ్లు అనుకుందాం. ఆ 100 పాళ్లని బియ్యం, ఊక, తవుడు ఎలా పంచుకోవాలి? ఎల్‌సీఏలో దీన్నే అలొకేషన్ అంటారు. అన్నదమ్ముల వాటాల పంపకం లాంటిదే.

బరువు ప్రకారం పంచితే బియ్యానికి 70.5, ఊకకి 21, తవుడుకి 8.5 పాళ్లు. ధర ప్రకారం పంచుదాం: కిలో బియ్యం 40 రూపాయలు, తవుడు 20, ఊక 3 అనుకుంటే బియ్యానికి 92 పాళ్లు పైచిలుకు, తవుడుకి 5.5, ఊకకి 2 మాత్రమే. ఊక వాటా 21 నుంచి 2కి పడిపోయింది! ఊకతో బాయిలర్ నడిపే ఫ్యాక్టరీ వాడికి ఈ తేడా ప్రాణం లాంటిది. బరువు పద్ధతిలో అయితే పొలంలో వాడిన యూరియా, నీళ్లు, డీజిలు అన్నిట్లో వాడికి ఐదో వంతు అంటుకుంటుంది. ధర పద్ధతిలో దాదాపు ఏమీ అంటదు. ఐఎస్ఓ చెప్పేదేంటంటే, వీలైతే అసలు పంచకుండా గడిపెయ్యండి, ఊక వాడినందువల్ల ఎంత బొగ్గు ఆగిందో అది చూడండి, తప్పకపోతే భౌతిక సంబంధం చూసి పంచండి, అదీ కుదరకపోతే ధరలాంటి వేరే ఆధారం తీసుకోండి అని. ఏ దారి తీసుకున్నా పైకి చెప్పి తీరాలి. చదివేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో ఇదొకటి.

ఇక వరికి అసలు బరువు తెచ్చేది మీథేన్. నీళ్లు నిలవుండే చేలో మట్టికి గాలి ఆడదు, గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు ఎరువునీ పాత మొదళ్లనీ కుళ్లబెట్టి మీథేన్ వదులుతాయి. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం వందేళ్ల లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 27 రెట్లు వేడి పుట్టిస్తుంది, ఇరవై ఏళ్ల లెక్కలో సుమారు 80 రెట్లు. ఎందుకంటే అది గాల్లో ఎక్కువ కాలం ఉండదు, ఉన్నన్నాళ్లు మాత్రం గట్టిగా పనిచేస్తుంది. ఒక ఎకరం నుంచి ఒక పంటకి 40 కిలోల మీథేన్ వచ్చిందనుకుంటే అది మొదటి లెక్కలో 1,080 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, రెండో లెక్కలో 3,200 కిలోలతో. రెండూ సైన్సే. మన పిల్లల కాలంలో వేడి తగ్గాలంటే ఇరవై ఏళ్లదే చూడాలని కొందరంటారు. అలా చూస్తే శతాబ్దాల తరబడి గాల్లో ఉండిపోయే, బొగ్గు వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని చిన్నది చేసి, తిండి పండించే రైతుని పెద్ద దోషిని చేసినట్టవుతుందని ఇంకొందరంటారు. నాకు రెండో మాట బరువైనదిగా అనిపిస్తుంది, మొదటిదాన్ని తోసెయ్యలేను.

చేను మధ్యమధ్యలో ఆరబెట్టి మళ్లీ తడిపితే మీథేన్ బాగా తగ్గుతుంది. కానీ ఆరుతడుల్లో నైట్రస్ ఆక్సైడ్ పెరగొచ్చు, అది వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు. మొత్తం మీద లాభమే ఎక్కువసార్లు కనిపిస్తుంది గానీ యూరియా ఎంత, ఎప్పుడు చల్లారు అన్నదాని మీద అది ఆధారపడుతుంది. పైగా డెల్టాలో నీళ్లు రైతు చేతిలో ఉండవు. దాళ్వాలో, అంటే రబీ పంటకి, వంతుల వారీగా కాలువ వదిలినప్పుడు శివారు రైతు ఉన్న నీళ్లు బయటికి తీసెయ్యమంటే తీస్తాడా? మళ్లీ వంతు వస్తుందన్న నమ్మకం ఉండాలి కదా.

రొయ్యల చెరువు పక్క చేను

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల సంగతి చూస్తే ఎల్‌సీఏ ఏం చూడగలదో, ఏం చూడలేదో రెండూ తెలుస్తాయి. వనామీ రొయ్యకి మన దేశంలో 2009లో అనుమతి వచ్చాక ఇక్కడ సాగు ఎంత మారిపోయిందో అందరికీ తెలుసు. గట్టు మీద నిలబడితే కనిపించేది ఏరేటర్లు, జనరేటర్ మోత. కానీ మేతని విప్పి చూస్తే అందులో చేపల పిండి, ఎక్కడో వేరే రాష్ట్రంలో పండిన సోయా ఉంటాయి. చాలా అధ్యయనాల్లో మేత వాటాయే పెద్దదిగా తేలుతుంది. చెరువు దగ్గర కంటికి కనపడని ఆ భారాన్ని చూపించడం ఎల్‌సీఏ గొప్పతనం.

మరి చెరువు పక్కనున్న చేలోకి ఉప్పు ఊరి మూడో ఏట వరి ఎర్రబడితే? కిలో రొయ్యకి ఇంత కార్బన్, ఇన్ని నీళ్లు అనే పట్టికలో ఆ చేను కనిపించదు. మామూలుగా వాడే పద్దులు ప్రపంచం మొత్తానికో, ఒక ప్రాంతం మొత్తానికో సగటున వేసినవి, ఫలానా సర్వే నంబరు గట్టు అవతల ఏం జరిగిందో వాటికి తెలియదు. దానికి నేల పరీక్ష కావాలి, ఆ చోటుకే పరిమితమైన అంచనా కావాలి.

ఇక్కడే ఇంకో గందరగోళం. గ్యాసు బావికో, ఫ్యాక్టరీకో ముందు ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు చూడండి, అది 2006 నోటిఫికేషన్ కింద జరిగే పర్యావరణ ప్రభావ అంచనాలో భాగం. అది ఒక చోటికి, ఒక ప్రాజెక్టుకి సంబంధించినది. ఎల్‌సీఏ ఒక వస్తువుకి సంబంధించినది, ఆ వస్తువు ఎన్ని ఊళ్లు తిరిగితే అన్ని ఊళ్లూ అందులోకొస్తాయి. ఒకటి చేయించాం కదా అని రెండోది అక్కర్లేదనడం కుదరదు. ఫ్రిజ్‌ల మీద, ఏసీల మీద ఉండే స్టార్ గుర్తులు కూడా ఎల్‌సీఏ కాదు, అవి వాడేటప్పుడు అయ్యే కరెంటునే చూస్తాయి.

డబ్బా మీద మాటని ఎవరు నమ్మాలి

ఈ పద్ధతి మీద ప్రధానమైన అనుమానం ఒకటుంది: లెక్క చేయించేది డబ్బున్న కంపెనీలే, గిరి ఎక్కడ గియ్యాలో వాళ్లే తేలుస్తారు, కాబట్టి ఫలితం వాళ్లకి కావల్సినట్టే వస్తుంది. ఇందులో నిజం లేకపోలేదు. పద్ధతిని సమర్థించేవాళ్లు చెప్పేదేంటంటే, తమ సరుకు ఎదుటివాడి సరుకు కంటే మేలని జనానికి చెప్పాలంటే ఐఎస్ఓ ప్రకారం బయటి నిపుణుల బృందం ఆ లెక్కని తనిఖీ చెయ్యాలి, పెట్టుకున్న అంకెలన్నీ కాగితం మీద ఉంటాయి కాబట్టి తప్పుంటే పట్టుకోవచ్చు, కంటికి బాగుంది కాబట్టి మంచిది అనుకోవడం కంటే ఇది నయం అని. మన దేశంలో 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆకుపచ్చ మోసాల మీద మార్గదర్శకాలు తెచ్చింది. "ఎకో ఫ్రెండ్లీ", "గ్రీన్" లాంటి మాటలు వాడితే దానికి ఆధారం చూపించాలి. పర్యావరణానికి మేలైన సరుకులకి ఇచ్చే ముద్రగా 1991లో మట్టికుండ గుర్తుతో వచ్చిన ఎకోమార్క్‌కి కూడా 2024లో కొత్త నిబంధనలు వచ్చాయి.

గృహప్రవేశం అయిన వారానికి మాకు షామియానా పంపిన సప్లై ఆయన్ని కలిసి గ్లాసుల గురించి అడిగాను. ఆయన దగ్గరున్న స్టీలు గ్లాసులు కొని పదకొండేళ్లయిందట, సీజన్‌లో వారానికి రెండు మూడు ఫంక్షన్లకి పోతాయట. కడిగేది బోరు నీళ్లతోనే. నేను వేసుకున్న లెక్కలో ఆయన ఒక్క తప్పు పట్టాడు. "ప్రతి ఫంక్షనుకీ అయిదారు గ్లాసులు తిరిగి రావండీ, అది వేసుకున్నారా?" అన్నాడు. వేసుకోలేదు. ఆరు గ్లాసులంటే 1.8 కిలోలు, ప్రతి ఫంక్షనుకీ. పేపరు మీద మిగులు 15 నుంచి 13.2కి తగ్గింది, బాకీ తీరేది ఆరులో కాదు, ఏడో ఫంక్షనులో. తిరిగి రాని గ్లాసు ఏ వంటింట్లోనో మజ్జిగ తాగడానికి పనికొస్తూనే ఉంటుంది కాబట్టి ఆ 1.8 కిలోలు ఆయన ఖాతాలో రాయాలా, ఆ ఇంటి ఖాతాలో రాయాలా అన్నది మళ్లీ ఊక లాంటి తగువే.